పాలు తాగినా పరగడుపే

"మూడు నెలల సంది జరం దాచిపెట్టుకొని తిరుగుతున్నవా ఈ ఇంట్ల?"

కనకవ్వ గొంతు వాకిలి దాటి వీధిలోకి వినిపించింది. ఆమె కుడిచేతిలో థర్మామీటరు, ఎడమచేతిలో బడిపిల్లల కాపీ పుస్తకం ఉన్నాయి. రెండూ కోడలి దిండు కింద దొరికాయి. దుప్పట్లు ఉతుకుదామని మంచం దులపబోతే బయటపడ్డాయి. ఇక దుప్పట్లెక్కడ, ఉతుకుడెక్కడ! అవి గడపలో కుప్పగా పడి ఉన్నాయి.

బడికి తయారవుతున్న నవనీత జడ సగంలో ఆపి వచ్చింది.

"జరం గాదు అత్తమ్మా. అది ఇటియ్యి."

"జరం గాకపోతె జరం పుల్ల ఎందుకే దిండు కింద? దినాం రాసుకున్నవ్, తారీఖులేసి మరీ! నాకు చదువు రాదుగని అంకెలు రావనుకున్నవా? తొంభై ఆరు, తొంభై ఆరు, తొంభై ఏడు! గింత జరంతోని మనిషి బతుకుతదా?"

ఉప్మా పళ్ళెం ముందు కూర్చున్న రత్నాకర్ తల ఇంకొంచెం కిందికి వంచాడు. ఆ పుస్తకం సంగతి అతనికి మొదటి రోజు నుంచే తెలుసు. థర్మామీటరు కొని తెచ్చింది కూడా అతనే. మోటార్ల వైండింగ్ షాపులో కాలిపోయిన మోటారు ఏది తెచ్చి పెట్టినా, విప్పి చూసి జబ్బెక్కడుందో చెప్పేస్తాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య మాత్రం నోరు విప్పడు. ఇలాంటి మగవాళ్ళని మంచివాళ్ళనే అంటారు లోకంలో. కట్టుకున్నవాళ్ళని అడగాలి.

"చెప్పవేంది?" అంది నవనీత, అతనివైపు తిరిగి.

"ఏం చెప్పాలె?" అన్నాడు రత్నాకర్, ఉప్మాతో మాట్లాడుతున్నట్టు.

"మంచిగున్నది. నేనే చెప్త." నవనీత అత్త దగ్గరికి వచ్చి నిలబడింది. "అత్తమ్మా, జరమంటే తొంభై తొమ్మిది దాటాలె. నాది తొంభై ఏడు గూడ దాటుతలేదు. మనిషికి ఉండాల్సినంత వేడి గూడ నా ఒంట్ల లేదు. పిల్లలు కావాలనుకునేటోళ్లు పొద్దుగాల మంచం దిగకముందె చూసుకోవాలె. నెల నడుమ అండం ఇడుదలైనంక వేడి జర లేస్తది. లేచిందంటె అంత మంచిగున్నట్టు. లేచి దిగకుంట ఉంటె కడుపు నిలిచినట్టు. నాకు లేస్తలేదు."

"అలారం మోగినంక గూడ పండుకొని ఉంటున్నవ్, గిందుకేనా?"

"గిందుకే."

"నేనేమో బద్ధకమనుకుంటున్న." కనకవ్వ ఒక్క క్షణం తగ్గింది. ఒక్క క్షణమే. "అయినా నీ ఒంట్ల వేడి లేదనుడేంది? వేడి ఎక్కువుండబట్టే నిలుస్తలేదు. లోపలి వేడి పుల్లకు దొరుకుతదా?"

నవనీత రాత్రంతా పళ్ళ బిగువున పట్టి ఉంచిన మాట ఇక ఆగలేదు.

"నిన్న రిపోర్టు వచ్చింది అత్తమ్మా. థైరాయిడు తగ్గలె. మూడు నెలల కింద ఎనిమిదిన్నర ఉండె. ఇప్పుడు తొమ్మిదిన్నర. గిన్ని రోజులు గోలీలు మింగి మింగి పెరిగింది. మొన్నటిదాక గోలి పనిచేస్తదన్న ఆశన్న ఉండె నాకు."

ఆ మాటతో రత్నాకర్ చెయ్యి పళ్ళెంలోనే నిలిచిపోయింది. అరుగు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్న మామ రాజమల్లయ్య కూడా చెయ్యి ఆపాడు. నారాయణరావుపేటలో ముప్పై ఏళ్ళు కల్లు గీయడానికి తాళ్ళెక్కిన మనిషి అతను. మోకాళ్ళు పోయాక కొడుకుతో సిద్దిపేట వచ్చి ఉంటున్నాడు.

"ఎట్ల పెరుగుతది?" అంది కనకవ్వ. "దినాం నా చేతులతోని ఇచ్చి మింగిపిస్తున్న. ఒక్కరోజు తప్పలె. ఆ డాక్టరుకే సరిగ తెల్వది. ఇయ్యాల నేనొస్త. నేనే అడుగుత."

"నువ్వొద్దు అత్తమ్మా. బడికి సెలవు పెట్టి నేనే పోయొస్త."

"ఎందుకొద్దు? నేనేమన్న ఆమెను కొడుతనా?"

"ఇద్దరు పోండ్రి," అన్నాడు రాజమల్లయ్య అరుగు మీద నుంచి. "ఆమె ఇంగిలీషుల చెప్పింది నువ్వు ఇను, నువ్వు తెలుగుల తిట్టింది ఆమె ఇంటది. లొల్లి ఒడుస్తది."

*

డాక్టర్ అనసూర్యకు అరవై ఏళ్ళుంటాయి. పాత బస్టాండు దగ్గర మేడ మీద ఆమె దవాఖాన. నవ్వదు, కసరదు. చెప్పాల్సింది చెప్తుంది. ఆమె రిపోర్టు చూసి, పాత రిపోర్టు పక్కన పెట్టి, మళ్ళీ చూసింది.

"గోలీ రోజూ వేసుకుంటున్నవా నవనీతా?"

"ఒక్కరోజు గూడ తప్పలె మేడం."

"పరగడుపునేనా?"

"పరగడుపునే," అన్నారు అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకేసారి.

డాక్టరు కలం తీసింది. "అయితే డోసు పెంచాలె."

"ఎంతన్న పెంచుండ్రి డాక్టరమ్మా, మింగిపించే పూచీ నాది," అంది కనకవ్వ కుర్చీలో ముందుకు జరిగి. పొద్దున తిట్టాలనుకున్న సంగతి అప్పుడే మరిచిపోయింది. డాక్టర్ల ముందు కనకవ్వకు భయమూ గౌరవమూ కలిసి వస్తాయి. "పొద్దుగాల ఐదింటికి నేనే లేస్త. చిక్కటి బర్రెపాలు కాగవెడుత. పెద్ద గిలాస నిండ పోసి, గోలి చేతుల వెట్టి, నా ముంగట్నే మింగిపిస్త. గోలీలు వేడి చేస్తయి గద, పాలతోని మింగితే సలవ. గిలాస ఒడిసేదాక నేను కదల."

డాక్టర్ అనసూర్య కలం కింద పెట్టింది.

"పాలతోనా?"

"అవ్. బర్రెపాలు."

"పరగడుపున అని చెప్పిన గదమ్మా."

"పరగడుపునే గద! పాలు తాగితే పరగడుపు పోతదా డాక్టరమ్మా? మల్లన్నకు ఒక్కపొద్దుంటం. పాలు తాగుతం, పండు తింటం. ముద్ద ముట్టనంతసేపు ఒక్కపొద్దే."

డాక్టరు నవనీత వైపు చూసింది. "నువ్వు టీచరువు. నీకన్న తట్టలేదా?"

నవనీతకు తట్టలేదు. అదే విచిత్రం. మద్దూరులో వాళ్ళమ్మ ప్రతి శనివారం పాల మీదే ఒక్కపొద్దు ఉండేది. పాలు తాగిన వాళ్ళని ఆ ఇంట్లో ఎవరూ తిన్నవాళ్ళ కింద లెక్కేసేవారు కాదు. ఫోనులో గంటలు గంటలు థైరాయిడు గురించి చదివిన పిల్ల, తన చేతిలోని పాలగ్లాసు వైపు ఒక్కసారీ అనుమానంగా చూడలేదు. చదువు ఫోనులో ఉంది, అలవాటు నాలుక మీద ఉంది.

"మీ మల్లన్న పాలకు ఒప్పుకుంటడు కనకవ్వా. ఈ గోలి ఒప్పుకోదు," అంది డాక్టరు. "పాలల్ల ఉండే కాల్షియం దీన్ని కడుపులనే పట్టుకుంటది. రక్తంలకు సరిగ పోనియ్యది. చాయ్ తోని గూడ అంతే. నీళ్లు, ఉత్త నీళ్లు. మింగినంక గంట దాక ఇంకోటి నోట్లె పడొద్దు. ఇది నా తప్పు గూడ. పరగడుపు అన్న గని పాలు వద్దని ఇడమరిచి చెప్పలె."

కనకవ్వ ఒళ్ళో ఉన్న సంచి పట్టీలను చేతికి చుట్టుకుంటూ కూర్చుంది.

నవనీత మెల్లగా కాపీ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు పేజీలు తిప్పింది.

"ఒంటి వేడి చూసి థైరాయిడు ఉన్నదా లేదా చెప్పలేం. అది రక్తమే చెప్తది. కొందరి ఒళ్లే గంత. దీన్ని చూసుకుంట భయపడకు." ఒక పేజీ దగ్గర ఆగి వేలు పెట్టింది. "కానీ ఇగో, రెండో నెల చూడు. నాలుగు రోజులు వేడి కొంచెం లేచింది. నిలవలేదు గని లేచింది. అసలుకే లేవకపోవుడు వేరు, గింత లేచుడు వేరు. డోసు పెంచను. అదే గోలి నీళ్లతోని మింగు. ఆరు వారాలైనంక రా."

అది మంచి మాట. ఎంత మంచి మాటో నవనీతకు ఆ క్షణంలో తెలియలేదు. మూడు నెలలు, మూడు నెలలు అని లోపల ఒకటే మోగుతోంది.

*

ఆటోలో ఇద్దరూ రెండు చివర్ల కూర్చున్నారు. మధ్యలో ఇంకొక మనిషి పట్టే జాగా మిగిలింది.

ఇంట్లో అడుగుపెట్టాక కనకవ్వే మొదలుపెట్టింది. "తెల్వక చేసిన బిడ్డా."

"తెల్వనప్పుడు అడగాలె అత్తమ్మా."

"మంచికేనని చేసిన."

"మంచికే! అందరు నా మంచికే చేస్తరు!" నవనీత చేతిసంచి బల్ల మీద విసిరింది. "నాకు ముప్పై రెండు నిండినయి. లగ్గమై ఆరేండ్లు. ఒక్కొక్క నెల ఎట్ల గడుస్తుందో నీకు తెలుసా? నెల కాంగనే బాత్రూంల తలుపు పెట్టుకొని ఏడ్చి, మొకం కడుక్కొని, బడికి పోయి పిల్లలకు ఎక్కాలు చెప్త. గోలి పనిచేస్తలేదు, ఇగ నా బతుకు గింతే అనుకున్న నిన్న. మూడు నెలలు మట్టిల పోసినవ్ గద అత్తమ్మా!"

"నన్ను తిట్టు. తిట్టి మనసుల ఉన్నది తీసెయ్యి."

"తిడితే ఏమొస్తది? నీకు కొడుకు పుట్టిండు. కండ్ల ముంగట తిరుగుతుండు. నీకేం తెలుస్తది ఈ బాధ!"

ఆ మాట అన్నాక నవనీతకు ఏదో తప్పు జరిగిందని అర్థమైంది. ఏమిటో అర్థం కాలేదు. కనకవ్వ ముఖంలో రక్తం లేదు. రాజమల్లయ్య అరుగు మీద నుంచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు. అన్నానికి ఇంటికొచ్చిన రత్నాకర్ "నవనీతా!" అని మాత్రం అని ఊరుకున్నాడు.

కనకవ్వ లోపలి గదిలోకి వెళ్ళి పడుకుంది. సాయంత్రం దాకా లేవలేదు.

*

తిట్టుకునే ఇల్లు బాగుంటుందండీ. మాట్లాడని ఇల్లే నరకం. ఆరు వారాల పాటు ఆ ఇంట్లో మాటలన్నీ రాజమల్లయ్య మీదుగా నడిచాయి.

"ఇగో, నీ కోడలికి చెప్పు. కూరల ఉప్పెక్కువైంది."

కోడలు రెండడుగుల దూరంలోనే ఉంది.

"బిడ్డా, కూరల ఉప్పు..."

"ఇనవడ్డది మామయ్యా. రేపు తక్కువేస్త అని చెప్పు."

"ఏమే, రేపు తక్కువ..."

"నాకు చెవులున్నయి."

రాజమల్లయ్య తల పట్టుకునేవాడు. "నలభై అడుగుల తాడెక్కి ముంత దించినప్పుడు గూడ గింత భయం కాలె నాకు, మీ ఇద్దరి నడుమ బువ్వ తింటుంటే అయితుంది."

అయితే ఒక సంగతి నవనీత రెండో వారంలో గమనించింది. ఆమె ఐదింటికి లేచి, వేడి చూసుకుని, నీళ్ళతో గోలీ మింగుతుంది. ఆరు దాటేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. పాలు కాగడం లేదు, చాయ్ వాసన లేదు. జీవితమంతా కోడికూతతో చాయ్ తాగిన రాజమల్లయ్య అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఆవలిస్తున్నాడు.

"మామయ్యా, చాయ్ పెట్టుకోలేదా?"

"నీ గోలి దిగిందాక పొయ్యి ముట్టియ్యద్దట. వాసనకు గూడ గోలి చెడుతదని మీ అత్త. ఆర్డరేసింది." ఆయన గొంతు తగ్గించాడు. "వాసనకు చెడది గద బిడ్డా?"

"చెడది మామయ్యా."

"గా మాట ఆమెకు చెప్పు."

నవనీత చెప్పలేదు. చెప్పాలంటే ముందు మాట్లాడాలి. మాట్లాడాలంటే ఆ రోజన్న మాట సంగతి తేలాలి. రత్నాకర్‌ను అడిగితే "పోనియ్యి" అంటాడు. ఆ మనిషి డిక్షనరీలో అన్నిటికీ ఆ ఒక్క మాటే ఉంది.

పుస్తకంలో అంకెలు మాత్రం మారుతూ వచ్చాయి. తొంభై ఏడు దాటింది. తొంభై ఏడు పాయింట్ రెండు. పాయింట్ మూడు. మళ్ళీ తగ్గింది, మళ్ళీ లేచింది. ఆరో వారం నడుస్తుండగా ఒకరోజు పొద్దున తొంభై ఏడు పాయింట్ తొమ్మిది వచ్చింది. నవనీత థర్మామీటరు దులిపి మళ్ళీ పెట్టుకుంది. అదే. మర్నాడూ అదే. ఆమె ఎవరికీ చెప్పకుండా ఆ అంకె చుట్టూ ఒక సున్నా గీసుకుంది.

తరవాత వారం రక్తం ఇచ్చింది. రిపోర్టు తెచ్చింది రత్నాకర్. మిట్టమధ్యాహ్నం షాపు షట్టరు దించి, చెమటలు కక్కుకుంటూ ఇంటికి వచ్చాడు. అది ఏప్రిల్ నెల. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"రెండు పాయింట్ రెండు," అన్నాడు వంటింట్లోకి వస్తూనే. "తొమ్మిదిన్నర నుంచి రెండు పాయింట్ రెండుకు వచ్చింది నవనీతా! డాక్టరమ్మకు ఫోటో పంపిన. మంచిగున్నది, ఇగ ఆశ పెట్టుకోవచ్చన్నది."

నవనీత గరిటె పట్టుకునే ఏడ్చింది. ఈసారి తలుపు పెట్టుకోలేదు. రత్నాకర్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. తరవాత, ఎన్నాళ్ళనుంచో గొంతులో పెట్టుకు తిరుగుతున్న మాట అన్నాడు.

"నీకొకటి చెప్పలె నేను. నాకన్న ముందు అమ్మకు ముగ్గురు పోయిన్రు. కడుపులనే."

నవనీత కన్నీళ్ళు తుడుచుకోవడం ఆపింది. "ముగ్గురా? ఆరేండ్లల్ల ఒక్కసారన్న చెప్పాలె గదా నువ్వు!"

"ఇంట్ల ఎవ్వలం ఆ మాట ఎత్తం. బాపు ఎత్తనియ్యడు."

"మాట ఎత్తకపోతే నాకెట్ల తెలుస్తది? నేనేమన్ననో ఇన్నవ్ గదా ఆ రోజు? విని గూడ నోరు మూసుకొని ఉన్నవ్!"

"తప్పైంది," అన్నాడు రత్నాకర్. 'పోనియ్యి' కాకుండా అతను వేరే మాట అనడం ఆమె మొదటిసారి వింది.

*

కనకవ్వ వెనక వరండాలో చేటలో కందిపప్పు పోసుకుని కూర్చుంది. ఏరడం లేదు. ఉట్టినే చూస్తోంది. నవనీత వచ్చి ఎదురుగా కింద కూర్చుంది.

"రిపోర్టు మంచిగొచ్చింది అత్తమ్మా."

"ఇన్న. వాడు అంత గట్టిగ అరిచిండు గద." కనకవ్వ కళ్ళెత్తలేదు. "సల్లగుండు బిడ్డా."

"అత్తమ్మా, ఆ రోజు నేనన్న మాట... నాకు తెల్వదు. ఇప్పుడే చెప్పిండు. నా నోరు పడిపోను."

"అట్లనకు." కనకవ్వ చప్పున కోడలి మూతి మీద చెయ్యి పెట్టింది. "పొద్దు గూకేలోపు ఏమేమి మాటలంటమో, అన్నీ పట్టుకుంటే బతుకుతమా?"

తరవాత కనకవ్వే చెప్పింది. ఆపి ఆపి చెప్పింది.

"మూడో నెలల ఒకటి. ఐదో నెలల ఒకటి. ఆఖర్ది ఏడో నెలల. మొగపిల్లగాడు. గోర్లు గూడ వచ్చినయి. మా అత్త అన్నది, నీ ఒంట్ల నిప్పులున్నయే, పిల్లలను కాల్చుకొని తింటున్నవ్ అని. ఊరంత అదే అన్నది. సలికాలంల తడి గోనెసంచి మీద పండుకొన్న నేను, వేడి దిగాలెనని. వీడు ఎట్ల నిలిచిండో మల్లన్నకే ఎరుక." ఆమె చేట పక్కకు జరిపింది. "నీకు గట్ల కావొద్దని బిడ్డా. గోనెసంచి మీద పండమనలేను గద నిన్ను. అందుకే పాలిచ్చిన."

నవనీత దగ్గరికి జరిగి, అత్త చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం, ఫ్యాన్ కూడా లేని వరండాలో, చల్లగా ఉంది.

నవనీత తలెత్తి అత్తను చూసింది. ఆరేళ్ళుగా రోజూ చూస్తున్న ముఖమే. కళ్ళ కింద ఉబ్బు. పలచబడ్డ కనుబొమలు. గరగరలాడే గొంతు. కూర్చుంటే కునుకు. వయసనుకున్నారు అందరూ. ఆ లక్షణాల పట్టిక ఫోనులో చదివి చదివి నవనీతకు కంఠతా వచ్చు.

"అత్తమ్మా, నువ్వు గూడ రక్తం ఇయ్యాలె."

"నాకెందుకే? ఇగ నేను కంటనా?" కనకవ్వ పకపకా నవ్వింది. ఆరు వారాల తరవాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది. అరుగు మీద రాజమల్లయ్య ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు.

"కనకపోయినా ఇయ్యాలె. ఎల్లుండి పోదాం."

*

యాభై రెండు వచ్చింది.

డాక్టర్ అనసూర్య రిపోర్టు పక్కన పెట్టి, లేచి వచ్చి, కనకవ్వ గొంతు రెండు వైపులా వేళ్ళతో నొక్కి చూసింది. "ఎన్నేండ్ల సంది ఉన్నదో ఇది. నవనీత తొమ్మిదికే భయపడ్డది. నువ్వు యాభై రెండుతోని బర్రెపాలు కాగవెట్టుకుంట తిరుగుతున్నవ్."

"నాకేం నొప్పి లేదు డాక్టరమ్మా."

"ఇది నొప్పి చెయ్యది. మనిషిని మెల్లగ చేస్తది, సల్లగ చేస్తది. కాన్పుల సంగతేంది? ఎంతమంది?"

కనకవ్వ చెప్పింది. ఈసారి ఆపకుండా చెప్పింది, గోనెసంచితో సహా. డాక్టరు రాసుకోవడం ఆపి వింది.

అంతా అయ్యాక కనకవ్వ అడిగింది. "డాక్టరమ్మా, ఈ గోలి అప్పుడు ఉండెనా?"

నవనీత కిందికి చూసింది.

"ఉండె," అంది డాక్టరు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "పట్నంల ఉండె. మీ ఊరికి రాలె. పరీక్ష గూడ రాలె."

"అయితే నా ఒంట్ల వేడి లేకుండె."

"లేకుండె."

"నేను కాల్చుకోలె."

"అప్పుడు నీకు ఇదే ఉండెనా, ఇంకేమన్ననా, నేనిప్పుడు ఖాయంగ చెప్పలేను కనకవ్వా. కానీ వేడితోని పిల్లలు పోరు. నువ్వు కాల్చుకోలె. నీ తప్పు ఒక్కటి గూడ లేదు."

కనకవ్వ తల ఊపింది. ఊపుతూనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా, ముప్పై ఐదేళ్ళ ఏడుపు ఏడ్చింది. నవనీత కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. డాక్టరు తొందరపెట్టలేదు. బయట పేషెంట్లు కూర్చునే ఉన్నారు, ఉండనిచ్చింది.

చీటీ రాయడం అయింది. నీళ్ళతో, గంట ఆగి, పాలు లేకుండా అని కనకవ్వే పైకి చెప్పి ఒప్పజెప్పింది. లేచి గుమ్మం దాకా వచ్చాక ఆగిపోయింది.

"ఏమే, నీ సంగతి అడగవా?"

"నా సంగతేంది అత్తమ్మా?" అంది నవనీత.

"నాకు చదువు రాకపోవచ్చు. దేవునింట్ల దీపం నువ్వే పెడుతున్నవ్ గద దినాం. నెలకు నాలుగు రోజులు నన్ను పెట్టమంటవ్. ఈ నెల ఒక్కరోజు గూడ అనలె. నేను దినాలు లెక్క పెడుతున్న."

నవనీత గుమ్మం పట్టుకుంది. ఈ మాట ఆమె రత్నాకర్‌కు కూడా చెప్పలేదు. నలభై రోజులు దాటాక నెలసరి వచ్చిన నెలలు ఉన్నాయి ఆమె జీవితంలో. ఆశపడి, అందరికీ చెప్పి, మర్నాడే బాత్రూంలో తలుపు వేసుకున్న నెలలూ ఉన్నాయి. ఈసారి ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకుంది.

"ఎన్నో రోజు నవనీతా?" డాక్టరు కుర్చీలోంచే అడిగింది.

"ముప్పై ఆరు మేడం."

"వేడి చూస్తున్నవా?"

"పద్దెనిమిది రోజుల సంది దిగుతలేదు."

డాక్టర్ అనసూర్య ముఖం మారలేదు. కానీ కలం మళ్ళీ తీసింది. "పుల్లను నేను నమ్మ. పక్క గదిల రక్తం ఇయ్యి. ఐదింటికి రిపోర్టు వస్తది. ఇంటికి పోయి రాండ్రి."

"ఇంటికి పోము," అంది కనకవ్వ. "పోతే నా మొకం చూసి ఆయన కనిపెడుతడు. నా కడుపుల మాట దాగది. గీడ్నే కూసుంటం."

బెంచీ మీద కూర్చున్నారు. అప్పటికి మూడున్నర. రత్నాకర్ ఫోన్ చేశాడు. కనకవ్వ కోడలి చేతిలోంచి ఫోను లాక్కుని, "లైన్ల ఉన్నం రా, బగ్గ మంది ఉన్నరు," అంది. మిగతా పేషెంట్లు అప్పటికే వెళ్ళిపోయారు, బెంచీ మీద వాళ్ళిద్దరే ఉన్నారు. పెట్టేశాక, "అబద్ధం సరిగ చెప్పిన్నా?" అని అడిగింది.

"మస్తు చెప్పినవ్ అత్తమ్మా."

నాలుగున్నరకు కనకవ్వ మంచినీళ్ళ సీసా మూత తీసి కోడలికి ఇచ్చింది. నవనీత ఒక గుక్క తాగి ఇచ్చేసింది. ఒకవేళ కాకపోతే ఏం చేయాలో ఆమె మనసులో అనుకుంటూ ఉంది. కాకపోయినా గోలీ పనిచేస్తోంది, ఇంకో నెల ఉంది, దాని తరవాత ఇంకో నెల ఉంది. అలా అనుకోగలగడం ఆమెకే కొత్తగా ఉంది. అయినా లోపలి గది తలుపు వైపే చూస్తోంది. ఐదు కావడానికి పది నిమిషాలుండగా కనకవ్వ ఇందాకటి నుంచి గొణుగుతున్నది ఆపి, పైకి చూసి దండం పెట్టింది. మల్లన్నను మొక్కుతోందని నవనీతకు అప్పటిదాకా తెలియలేదు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. నర్సమ్మ చేతిలో ఒక్కటే కాగితం ఉంది. బెంచీ వైపు చూసి పిలిచింది.

"నవనీత ఎవరు?"

ఇద్దరూ లేచి నిలబడ్డారు.